విమానానికి తలంటు

శనివారం పొద్దున్న ఆరుంపావు. డాలస్‌కి ఉత్తరాన ఓ చిన్న ఎయిర్‌పోర్టు, వరసగా రేకుల షెడ్లు. మా షెడ్డు తలుపుని ఓ వైపు నేను, ఇంకో వైపు మా మేనకోడలు తోస్తుంటే అడుగున చక్రాలు కీచుమంటున్నాయి. జూన్ నెల. ఇంకో మూడు గంటలు పోతే ఈ రేకు పెనంలా కాలుతుంది. అందుకే చీకటితో లేచి, ఫ్లాస్కులో కాఫీ, అక్క కట్టిచ్చిన ఇడ్లీ, కారప్పొడి పట్టుకుని వచ్చేశాం.

మీరూ లోపలికి రండి. ముందు వాసన తగులుతుంది. పెట్రోలు, వేడెక్కి చల్లారిన ఇంజను నూనె, నలభై ఏళ్ళ నాటి సీటు గుడ్డ. తల కాస్త వంచండి. ఈ రెక్క వెనక అంచు నుదుటికి కొట్టుకోని మనిషి ఈ షెడ్ల దగ్గర అరుదు.

ఇది 1978లో కాన్సాస్‌లో తయారైన సెస్నా 172. నాలుగు సీట్లు, 160 గుర్రాల ఇంజను, ఈ కొస నుంచి ఆ కొసకి 36 అడుగుల రెక్క. ఖాళీగా తూస్తే ఓ చిన్న మారుతి కారంత బరువు. 1956 నుంచి ఇప్పటిదాకా ఈ రకం విమానాలు 44,000 పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే విమానమూ అన్ని తయారవలేదు. మా బావా నేనూ చెరిసగం వేసుకుని దీన్ని కొన్నాం. ఈ వారం బావ ఊళ్ళో లేడు. ఆయన బదులు పదమూడేళ్ళ కూతురు వచ్చింది.

"మావయ్యా, కడగడం అయిపోయాక టెక్సోమా మీదకి తీసుకెళ్తావుగా?"

"అన్నీ బాగుంటే వెళ్దాం తల్లీ."

"బాగానే ఉంటాయిలే."

టెక్సోమా అంటే రెడ్ రివర్‌కి అడ్డంగా ఆనకట్ట వేస్తే ఏర్పడిన పెద్ద చెరువు. ఇటు టెక్సాస్, అటు ఓక్లహోమా. పైనుంచి చూస్తే పడవలు బియ్యపు గింజల్లా ఉంటాయని పోయినసారి వాళ్ళమ్మ చెప్పింది. అప్పటి నుంచీ దానికి అదే ధ్యాస.

విమానం ముట్టుకునే ముందు తాళం చెవి బయటికి రావాలి. "తీసి డాష్‌బోర్డు మీద పెట్టు, బయట నిలబడితే నాకు కనబడాలి," అన్నాను. ఈ ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చేది మాగ్నెటో. దానికి బ్యాటరీతో పని లేదు. లోపల ఒక్క తీగ తెగి ఉందంటే, తాళం తీసేసి ఉన్నా సరే, ప్రొపెల్లర్ని చేత్తో కాస్త తిప్పితే ఇంజను అంటుకోవచ్చు. కాబట్టి ఆ రెక్కలు తిరిగే దారిలో ఎవరూ నిలబడరు. చెవి కనబడుతున్నా నిలబడరు.

ముక్కు చక్రానికి లాగుడు కడ్డీ తగిలించి నేను లాగుతున్నాను. మీరూ ఓ చెయ్యి వెయ్యండి, రెక్కకి ఊతంగా ఉన్న ఆ వాలు కడ్డీ దగ్గర. తోక మీద ఆనొద్దు, కదిలే పలకల మీద అసలే వద్దు. నీళ్ళ కొళాయి ఉన్న గచ్చు మీదకి తీసుకొచ్చి, చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాం. గచ్చు ఇంకా చల్లగానే ఉంది. ఎండ తగిలి రేకు వేడెక్కిందంటే సబ్బు అలాగే ఎండిపోయి మరక కట్టేస్తుంది.

కడగడానికి ముందు మూయడం ఉంటుంది. ఈ పని దగ్గర మాత్రం నేను కబుర్లు పెట్టుకోను. ఇంజనుకి గాలి వెళ్ళే రెండు పెద్ద రంధ్రాలకి ఎర్రటి స్పాంజి బిరడాలు. ఎడమ రెక్క కింద వేలంత గొట్టానికి ఎర్ర తొడుగు. అది ఎదురు గాలిని పట్టి వేగం చెబుతుంది. ముక్కు ఎడమ చెంప మీద గుండుసూది తలంత చిల్లి ఒకటి ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి అందులోంచే లోపలికి వెళ్తుంది, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పేది ఆ ఒత్తిడే. దాని మీద నారింజ రంగు టేపు, టేపుకి జానెడు పొడుగు ఎర్ర రిబ్బను. ఇంధనం ట్యాంకు గాలి పీల్చుకునే గొట్టానికి ఇంకో టేపు. ఇక మిగిలింది ఎడమ రెక్క ముందంచున ఉన్న చిన్న నోరు.

"దీన్ని మూసే ముందు ఒకటి చూపిస్తాను రా," అని పిలిచి, ఉతికిన జేబురుమాలు ఆ నోటి మీద పరిచాను. "ఇక్కడ నోరు ఆనించి గాలి లోపలికి పీల్చు."

పీల్చింది. రెక్కలో ఎక్కడో పీక ఊదినట్టు సన్నగా మూలిగింది. దాని కళ్ళు ఇంతయ్యాయి. మళ్ళీ పీల్చింది. ముక్కు మరీ పైకెత్తి, రెక్క ఇక మోయలేని స్థితికి వస్తున్నప్పుడు ఆ నోటి దగ్గర గాలి సరిగ్గా ఇలాగే బయటికి గుంజుతుంది. పైలట్‌కి ఆ మూలుగు వినబడుతుంది. కరెంటు లేదు, వైర్లు లేవు. సబ్బు నీళ్ళు లోపలికి పోతే మాత్రం గొంతు పోతుంది.

మొత్తం ఆరు. "ఆరు" అని కాగితం మీద రాసి స్టీరింగుకి అంటించమన్నాను. అంటించింది.

ఎందుకింత పట్టింపో చెబుతాను. 1996 అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక పెరూ దేశంలోని లిమా నుంచి ఏరోపెరూ వారి బోయింగ్ 757 ఒకటి 70 మందితో బయల్దేరింది. అంతకుముందే దాన్ని కడిగి మెరుగు పెట్టారు. గాలి ఒత్తిడి పట్టే ఇదే రకం చిల్లుల మీద వేసిన టేపు తీయడం మర్చిపోయారు. అది వెండి రంగు టేపు, వెండి రంగు రేకు మీద ఎవరికీ కనబడలేదు. పైలట్లకి ఎత్తూ తెలియలేదు, వేగమూ తెలియలేదు. ఆ చీకట్లో విమానం సముద్రంలో పడిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. అదే ఏడాది ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దగ్గర సముద్రంలో మరో 757 కూలి 189 మంది పోయారు. అక్కడ వేగం చెప్పే గొట్టం మూసుకుపోయింది. తొడుగు వేయకుండా రోజుల తరబడి నిలిపి ఉంచారు, మట్టి గూడు కట్టే కందిరీగ అందులో దూరి ఉంటుందని అనుమానించారు. ఆ కందిరీగలు టెక్సాస్‌లోనూ బోలెడు. మా షెడ్డు దూలం మీద చూడండి, మూడు గూళ్ళున్నాయి. అందుకే మా టేపు నారింజ రంగుది, అందుకే ఆ కాగితం.

ఇప్పుడు నీళ్ళు. ముందు కిటికీలు. ఉంగరం, గడియారం తీసేయండి, బెల్టు బకిల్ పక్కకి తిప్పుకోండి. ఇది గాజు కాదు, ఆక్రిలిక్. ఊరికే గీత పడుతుంది. ధారాళంగా నీళ్ళు పోసి, ఉత్త అరచేత్తో మెల్లగా తడమాలి. ఇసుక రేణువు ఉంటే చేతికి తెలుస్తుంది, గుడ్డకి తెలియదు. సెస్నా వాళ్ళ పుస్తకంలోనూ చేత్తోనే అని రాసి ఉంటుంది. తర్వాత మెత్తటి నూలు గుడ్డ. మా ఇంట్లో ఆ పని మా నాన్న పాత పంచెలు చేస్తాయి. పాతికేళ్ళు ఉతికిన నూలుకి మించిన మెత్తదనం నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. తుడిచేటప్పుడు పైనుంచి కిందకి, కింద నుంచి పైకి. గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రటి గీతలు పడితే సూర్యుడు ఏ మూలన ఉన్నా కళ్ళలోకి కొడతాడు.

కొన్న మొదటి ఏడాది నేను ఇంట్లో అద్దాలు తుడిచే నీలం మందుని దీని మీద కొట్టాను. అందులో అమోనియా ఉంటుంది. ఆక్రిలిక్‌కి అది విషం. కొన్ని నెలలకి ముందు అద్దంలో వెంట్రుకల్లాంటి పగుళ్ళు పుట్టాయి. పగలు ఏమీ తెలిసేది కాదు. ఒక సాయంత్రం పడమరకి దిగుతుంటే ఎదురెండకి అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడి, రన్‌వే కనబడకుండా పోయింది. చుట్టు తిరిగి అవతలి దిక్కు నుంచి దిగాను. అద్దం మార్పించాను. ఆ మందు సీసా ఇప్పుడు మా షెడ్డు గడప లోపలికి రాదు.

ఇక ఒళ్ళు. సత్తు గిన్నెలో పులుసు కాయొద్దని మన ఇళ్ళలో చెప్పని అమ్మ ఉండదు. విమానం ఒళ్ళు కూడా సత్తే. పులుపైనా, క్షారమైనా, ఉప్పైనా పడదు. ఉత్త అల్యూమినియం మెత్తన కాబట్టి విమానం రేకులో రాగి కలుపుతారు. దాంతో బలం వస్తుంది, కానీ తేమ త్వరగా తినేస్తుంది. అందుకని రెండు వైపులా మళ్ళీ స్వచ్ఛమైన అల్యూమినియాన్ని పలచగా అతికిస్తారు, ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టించినట్టు. దాని మీద రంగు. అంతా కలిపి చాలాచోట్ల మందం మిల్లీమీటరులోపే. గట్టి సోడా సబ్బుతోనో ఇనప పీచుతోనో ఇష్టమొచ్చినట్టు తోమితే పోయేది మురికి కాదు, ఆ కళాయి. ఇనుముకి తుప్పు, ఇత్తడికి చిలుము అంటాం. దీనికి మాత్రం తెల్లటి పిండి రాలుతుంది. కొన్నిసార్లు రంగు కింద పురుగు పాకినట్టు సన్నటి వంకర గీతలు లేస్తాయి. అందుకే కార్లు కడిగే మెత్తని సబ్బు, బకెట్టు నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. గట్టి ధార కొట్టే మిషన్లు వద్దు. కీళ్ళలో పెట్టిన గ్రీజుని అవి తరిమేసి నీళ్ళు నింపుతాయి.

రెక్క ముందంచు చూడండి, నిండా పురుగులు. చిన్నవే గానీ గంటకి 200 కిలోమీటర్ల వేగంతో తగిలి అతుక్కున్నాయి. గీకొద్దు. తడి తువ్వాళ్ళు పరిచి వదిలేశాం. ఎండిన అన్నం గిన్నెని నానబెట్టినట్టే. ఈలోగా ఇడ్లీలు తినేశాం. తువ్వాళ్ళు తీసేసరికి వేలు రాస్తే చాలు ఊడొచ్చాయి.

"మావయ్యా, ఇక్కడ రంగు ఉబ్బింది," అని కుడి తలుపు కింద చూపించింది. చూశాను. పాత ఉబ్బే, బావ నిరుడే ఫొటో తీసి పెట్టాడు, పెరగలేదు. బాగుంది, పిల్లకి కన్ను కుదురుతోంది.

ప్రొపెల్లర్ని నూనె తడి చేసిన గుడ్డతో తుడిచాను. గడ్డి మరకలు, పురుగుల మరకలు పోతాయి, లోహం మీద సన్నటి పొర నిలుస్తుంది. అంచు వెంట బొటనవేలి గోరు జరుపుతూ పోవాలి. నిమిషానికి 2,700 చుట్ల దాకా తిరిగే రెక్క ఇది, చిన్న రాయి తగిలిన గంటు నుంచే పగులు మొదలవుతుంది. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

చివరికి పొట్ట. ఎవరికీ ఇష్టంలేని చోటు ఇదే. ఇంజను ఊపిరి వదిలే గొట్టం నుంచి వచ్చే నూనె తుంపర, పొగగొట్టం మసి, దుమ్ము, అన్నీ గాలికి వెనక్కి పరుచుకుని తోకదాకా నల్లగా పట్టేస్తాయి. పైనుంచి చూసేవాళ్ళకి కనబడదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. నేనూ రెండు నెలలుగా వదిలేశాను. చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని కిందకి జరిగితే మొహానికి మూరెడు దూరంలో ఆకాశమంతా మసి. మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి, సబ్బు నీళ్ళతో ఇంకోసారి. నల్ల నీళ్ళు మోచేతుల మీదుగా చంకల్లోకి కారుతున్నాయి. మధ్యమధ్య నీరు పోయే చిల్లులు ఉంటాయి, అవి మూసుకుపోకుండా పుల్లతో చూసుకుంటూ రావాలి. రెండో బల్ల మీద పిల్ల ముక్కు చక్రం దగ్గర నుంచి మొదలెట్టి నా వైపు వస్తోంది. మసి వెనక నుంచి తెల్లటి పొట్ట అరచెయ్యంత అరచెయ్యంత బయటపడుతోంది.

"మావయ్యా, ఇది పోవట్లేదు."

"ఇంకాస్త స్పిరిట్ పెట్టు."

"పెట్టాను. ఇది మరకలా లేదు. చిన్న తోకలున్నాయి."

జరిగి వెళ్ళాను. ముక్కు చక్రం కాలు వచ్చి అతుక్కునే చోటికి కాస్త వెనక, వరసలో మూడు రివెట్ల తలలు. ఒక్కోదాని చుట్టూ బూడిద నలుపులో సన్నటి ఉంగరం. ఉంగరం నుంచి వెనక్కి, గాలి వెళ్ళే దిక్కుకి, కాటుక గీసినట్టు అంగుళం పొడుగు తోక. పక్క రివెట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. మధ్య రివెట్ అంచున ఓ నీటి చుక్క, ఆవగింజంత, బయటికి వచ్చింది. వేలు తీస్తే లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వచ్చింది.

మెకానిక్కులు దీన్ని పొగ వదిలే రివెట్ అంటారు. బిగుతు పోయిన రివెట్ రేకుతో రాసుకుని రాసుకుని పొడి రాలుస్తుంది, ఆ పొడే తడికి కలిసి తోక కడుతుంది.

ఎలా వదులయ్యాయో నాకు తెలుసు. పోయిన నెలలో ఒక సాయంత్రం అడ్డగాలి కొడుతుంటే నేనే దీన్ని ముక్కు చక్రం మీద గట్టిగా దించాను. ఇంజనుకీ మనుషులకీ మధ్య నిలబడే రేకు గోడని ఫైర్‌వాల్ అంటారు. ముక్కు కాలు తీసుకున్న దెబ్బ తిన్నగా వెళ్ళి దాని అడుగున తగులుతుంది. ఈ విమానాల్లో ముక్కు మీద దిగితే ముందు నలిగేది ఆ చోటేనని నేర్చుకునే రోజుల్లోనే చెబుతారు. ఆ సాయంత్రం నేను దిగి, వంగి, టార్చి వేసి చూశాను కూడా. పొట్టంతా నూనె మసి. ఏమీ కనబడలేదు. ఏమీ లేదనుకున్నాను. ఆ తర్వాత రెండుసార్లు ఎగిరాను. రెండోసారి వెనక సీట్లో అక్క కూర్చుంది. బియ్యపు గింజల్లాంటి పడవలని చెప్పింది ఆ రోజు చూసే.

అమెరికా విమానయాన నిబంధనల్లో 43వ భాగంలో, ఏటా చేయించాల్సిన తనిఖీ గురించి రాసిన చోట, తనిఖీకి ముందు విమానాన్నీ ఇంజనునీ శుభ్రంగా కడగాలని ఉంది. ఎన్నోసార్లు చదివాను. మురికి విమానాన్ని చూడటమంటే చూడకపోవడమేనని ఆ బల్ల మీద పడుకున్నప్పుడు ఒళ్ళంతా తెలిసింది. ఆ రోజు టార్చికి బదులు బకెట్టు తెచ్చుకుని ఉండాల్సింది.

అవే నిబంధనల ప్రకారం సొంతదారుడైన పైలట్‌గా నూనె మార్చుకోవచ్చు, టైరు మార్చుకోవచ్చు, చేసింది లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టొచ్చు. రివెట్ ముట్టుకునే హక్కు నాకు లేదు. అది లైసెన్సున్న మెకానిక్ పని. పిల్ల వేలు పక్కన పెట్టి కొలత తెలిసేలా ఫొటో తీసి మా మెకానిక్‌కి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. ఎప్పుడు దించావు, ఎంత గట్టిగా, ప్రొపెల్లర్ నేలకి తగిలిందా, పైన రేకు ఎక్కడైనా ముడత పడిందా, అన్నీ అడిగాడు. తగల్లేదు, ముడత కనబడలేదు అన్నాను. కదిలించొద్దు, సోమవారం పొద్దున్న వచ్చి ముక్కు విప్పి లోపలి వైపు చూస్తానన్నాడు.

ఫోన్ పెట్టేసరికి పిల్ల బల్ల మీద లేచి కూర్చుని ఉంది. బుగ్గ మీద మసి.

"అంటే ఇవాళ వెళ్ళం కదా మావయ్యా?"

"వెళ్ళం తల్లీ."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గుడ్డ పిండుకుని, "మిగతా పొట్ట కడిగేద్దాం. ఇంకెక్కడైనా ఉన్నాయేమో," అని మళ్ళీ కిందకి జరిగింది. తోకదాకా ఇద్దరం కడిగాం. ప్రతి వరసనీ వేలితో నొక్కుతూ వెళ్ళింది. ఇంకెక్కడా లేవు.

తొమ్మిదిన్నరకి ఎండ చురుక్కుమంటోంది. నీళ్ళు తుడిచి, కీళ్ళు ఆరబెట్టి, బిరడాలు, తొడుగు, టేపులు ఒక్కొక్కటీ తీస్తుంటే పిల్ల పైకి లెక్కపెట్టింది. ఎగిరేది లేకపోయినా టేపులు తీసి తీరాలి. సోమవారం ఈ విమానం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అయిదు వచ్చాయి. ఆరోది, చెంప మీది నారింజ టేపు, తడికి రిబ్బను దాని మీదే మడత పడి అతుక్కుంది. పిల్లే వెతికి పీకింది. కాగితం మీద ఆరు, చేతిలో ఆరు. చిల్లి మీద జిగురు మిగల్లేదని గోటితో చూశాను. రెక్కల అడుగున కుళాయిలు నొక్కి గాజు గొట్టంలోకి ఇంధనం పట్టాం. లేత నీలం రంగు, అడుగున నీటి బొట్టు లేదు. మూతలు నీళ్ళని బాగానే ఆపాయి.

ఇంత తెల్లగా దీన్ని నేనూ చాలా రోజులకి చూశాను. వెనక్కి తోసి షెడ్డులో పెట్టాం. పిల్ల పాత కాగితం తీసేసి, దాని వెనక మార్కరుతో ఇంగ్లీషులో నేను చెప్పింది రాసింది: ఫైర్‌వాల్ అడుగున మూడు రివెట్లు వదులు, మెకానిక్ చూసేదాకా ఎగరకూడదు. తేదీ వేసి నేను సంతకం పెట్టాను. స్టీరింగుకి కట్టే ముందు మళ్ళీ అడిగి తీసుకుని, ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో అడుగున ఇంకో వాక్యం చేర్చింది: "నాన్నా, నువ్వు కూడా ఎక్కకు."